చేతిఫోనులో ఆఫీసు టపా

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిలిచి "ఈసారి మీరు సెల్‌ఫోను మీద మాట్లాడాలి సాబ్" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. నేను కంప్యూటరు చదువు చదివినవాణ్ణి కాను. ముప్పైరెండేళ్లు ఒక సర్కారీ కచేరీలో టపా సెక్షను గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. వచ్చిన కాగితానికి ఇన్‌వార్డు నంబరు, పోయే కాగితానికి అవుట్‌వార్డు నంబరు వేయడమే నాకు తెలిసిన విద్య. ఆ మాటే చెప్పాను. దానికాయన "ఫోను సంగతి పిల్లలకు తెలుసు సాబ్, ఉత్తరం విలువ మీకు తెలుసు" అన్నారు. ఆ మాటకు లొంగి వచ్చాను. ఉద్యోగం చేసేచోటి ఈమెయిలును, క్యాలెండరును మన చేతిఫోనులో పెట్టుకొని వాడుకోవడం ఎట్లా, అందులో జాగ్రత్త పడవలసినది ఎక్కడ అన్నది నా విషయం.

మన అనంతపురం సీమ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఏడాది మొత్తం మీద 550 మిల్లీమీటర్ల వాన పడితే బాగా పడినట్లే లెక్క. అదీ అదనుకు పడాలి. శెనక్కాయ విత్తే అదను తప్పిందంటే, ఆ తర్వాత ఎంత కురిసినా రైతుకు మిగిలేది పశువులకు వేసే కట్టె మాత్రమే. అందుకే మన ఇండ్లలో ఒకరు సేద్యంలో ఉంటే ఇద్దరు ఊరు దాటి ఉన్నారు. బెంగుళూరు పోయినవాళ్లు కొందరు, గల్ఫు పోయినవాళ్లు కొందరు. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ ప్రాంతం 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లాగా మననుంచి వేరయింది గాని, పనికోసం పోయే మన పిల్లలకు జిల్లా సరిహద్దు అడ్డం కాలేదు.

పూర్వం ఊరు దాటిన మనిషికీ ఇంటికీ నడుమ పోస్టుమ్యానే దిక్కు. మనియార్డరు ఆయనే తెచ్చేవాడు, ఇంటర్వ్యూ కార్డు ఆయనే తెచ్చేవాడు. తంతి వచ్చిందంటే ఇల్లిల్లంతా గుండె చిక్కబట్టుకొని నిలబడేది. ఆ తంతి సేవ 2013 జూలైలో దేశమంతటా ఆగిపోయింది. ఇప్పుడు ఉద్యోగపు పిలుపు, సెలవు మంజూరు, షిఫ్టు మార్పు, జీతం చీటీ, చాలాచోట్ల అన్నీ ఈమెయిలులోనే వస్తున్నాయి. పోస్టుమ్యాను తలుపు తట్టి పేరు పెట్టి పిలిచేవాడు. ఈమెయిలు అట్లా పిలవదు, మనమే పోయి చూసుకోవాలి. అదను మాత్రం దానికీ ఉంది.

మన వాడలోనే జరిగిన సంగతి ఒకటి చెబుతాను, పేర్లు వద్దు. బీకాం పాసైన ఒక అమ్మాయి నెట్ సెంటరులో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టించుకుంది. ఆ సెంటరు కుర్రాడే ఆమె పేరుమీద ఒక ఈమెయిలు చిరునామా తయారుచేసి, పాస్‌వర్డు తనే పెట్టి, ఫోను నంబరు అడిగితే వాళ్ల అన్న నంబరు రాశాడు. నెల తిరిగేసరికి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. పిల్లకు పాస్‌వర్డు తెలియదు. అన్న లారీమీద ఏ రాష్ట్రంలో ఉన్నాడో తెలియదు. కిందా మీదా పడి మెయిలు తెరిపించేసరికి ఇంటర్వ్యూ అయిపోయి తొమ్మిది రోజులు. ఆమె మా ఇంటికి వచ్చి "చాచా, ఇంకొకసారి పిలవమని రాస్తే పిలుస్తారా?" అని అడిగింది. ఇద్దరం కూర్చుని రాశాం. జవాబు రాలేదు.

నా సర్వీసులో ఒక్క కాగితం పోనివ్వలేదని నేను గొప్పగా చెప్పుకునేవాణ్ణి. నా వీధిలోనే ఒక పిల్ల ఉత్తరం తొమ్మిది రోజులు దిక్కులేకుండా పడి ఉంది. ఆ తర్వాతనే నేను ఈ విద్య నేర్చుకోవడం మొదలుపెట్టాను. నేర్పింది నా మనవరాలు. నాకు అర్థమైన మటుకు, నాకు అర్థమైన భాషలో మీకు చెబుతాను.

మొదట తెలుసుకోవలసినది, ఆఫీసు మెయిలుకు అసలు చోటు ఫోను కాదు. సర్వరు అనే పెద్ద కంప్యూటరు. మా కచేరీలో రికార్డు రూము అనుకోండి. ఫోనులోని యాప్ ఆ రికార్డు రూముకు ఒక కిటికీ, ఆఫీసు బల్లమీది కంప్యూటరు ఇంకొక కిటికీ. ఒకచోట చదివితే రెండోచోటా చదివినట్లే కనిపిస్తుంది, ఒకచోట తీసేస్తే రెండోచోటా పోతుంది. దీన్ని సింకు అంటారు. కనుక ఫోను బావిలో పడినా టపా పోదు. కొత్త ఫోనులో మళ్లీ ఆ కిటికీ తెరుచుకుంటే అన్నీ ఉన్నచోటనే ఉంటాయి. సిగ్నలు అందని పల్లెలో కూర్చుని జవాబు రాసినా ఫరవాలేదు, అది అవుట్‌బాక్సులో కాచుకొని ఉండి, సిగ్నలు దొరకగానే బయలుదేరుతుంది.

దీని చరిత్ర కూడా రెండు మాటల్లో చెబుతాను. 1971లో అమెరికాలో రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు ఒక కంప్యూటరునుంచి ఇంకొక కంప్యూటరుకు నెట్‌వర్కు మీద జాబు పంపి, మనిషి పేరుకూ ఉన్నచోటుకూ నడుమ ఎట్ అనే గుర్తు పెట్టాడు. ఈనాటికీ మన చిరునామాల్లో ఉన్నది ఆ గుర్తే. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ వారు 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్టును ప్రజలకు తెరిచారు. ఆఫీసు టపాను జేబులోకి తెచ్చి పేరు పొందింది కెనడా వారి బ్లాక్‌బెర్రీ, అయితే అది పెద్ద పెద్ద అధికారుల చేతుల్లోనే కనిపించేది. 2007లో ఐఫోను, 2008లో ఆండ్రాయిడ్ ఫోను వచ్చాక సామాన్యులకూ దారి పడింది. జీమెయిల్ 2004లోనూ, గూగుల్ క్యాలెండర్ 2006లోనూ వచ్చాయి. మైక్రోసాఫ్టు వారి ఔట్‌లుక్ యాప్ 2015 జనవరిలో ఫోన్లలోకి వచ్చింది, అందులో టపా, క్యాలెండరు రెండూ ఒకేచోట ఉంటాయి. చెన్నైలోని జోహో వారి మెయిలు వాడే సంస్థలు కూడా ఉన్నాయి.

ఇక పెట్టుకోవడం ఎట్లా? ముందు ఆఫీసును అడగండి. సొంత ఫోనులో ఆఫీసు మెయిలు పెట్టుకోవడానికి అనుమతి ఉందా, ఏ యాప్ వాడాలి అని అడగడంలో తప్పు లేదు. కొన్ని సంస్థలు అసలు ఒప్పుకోవు. ఒప్పుకుంటే యాప్‌ను ప్లేస్టోరు నుంచిగాని ఆపిల్ వారి యాప్‌స్టోరు నుంచిగాని మాత్రమే దింపుకోండి. ఒకే రకం బొమ్మతో నకిలీలు ఉంటాయి కాబట్టి, యాప్ పేరు కింద తయారుచేసిన సంస్థ పేరు చూసుకోండి. ఎవరో వాట్సాప్‌లో పంపిన లింకు నొక్కి మటుకు దింపుకోకండి. తర్వాత ఆఫీసువారు ఇచ్చిన పూర్తి చిరునామా వేస్తే, పాస్‌వర్డు అడిగే పేజీ తెరుచుకుంటుంది.

కొందరు తమ్ముళ్లు "పాత ఫోనులో పాస్‌వర్డు సరిగానే కొడుతున్నా తప్పు అంటోంది సాబ్" అని నన్ను అడిగారు. కారణం ఇది కావచ్చు. ఉత్త పాస్‌వర్డుతో తలుపు తీసే పాత పద్ధతిని మైక్రోసాఫ్టు వారు తమ ఎక్స్చేంజ్ ఆన్‌లైన్ సర్వీసులో 2022 అక్టోబరు నుంచి ఆపివేస్తూ వచ్చారు. ఆ పద్ధతి మీద నడిచే పాత మెయిల్ యాప్‌లు అందుకే ఆగిపోయాయి. ఫోను చెడిపోలేదు, యాప్ మార్చుకుంటే సరిపోతుంది.

పాస్‌వర్డు ఒక తాళమైతే, ఇప్పుడు చాలా ఆఫీసులు రెండో తాళం కూడా పెడుతున్నాయి. దానికి ఆథెంటికేటర్ అని వేరే యాప్ ఉంటుంది. మనం లోపలికి పోయేటప్పుడు తెరమీద ఒక సంఖ్య కనిపిస్తుంది, దాన్ని ఈ యాప్‌లో వేయాలి. ఇక్కడ ఒక్కటి గట్టిగా గుర్తుంచుకోండి. మీరు ఏ తలుపూ తట్టకుండానే "వచ్చింది మీరేనా?" అని ఫోను అడిగిందంటే, మీ పాస్‌వర్డు ఇంకెవరి చేతికో పోయి ఉండవచ్చు. కాదు అని నొక్కి, వెంటనే పాస్‌వర్డు మార్చి, ఆఫీసుకు చెప్పండి. విసుగుపుట్టి అవును అని నొక్కారో, తలుపు మీరే తీసి ఇచ్చినట్లు.

టపా సంగతి అయింది, డైరీ సంగతికి వస్తాను. మా దొరగారి బల్లమీద ఒక లావుపాటి డైరీ ఉండేది. ఎవరు ఎప్పుడు రావాలి, ఏ మీటింగు ఎక్కడ అనేది అందులో రాసి, పొద్దున్నే గుర్తు చేయడం మా పని. క్యాలెండరు ఆ డైరీయే. మీటింగుకు పిలుపు మెయిలుగా వస్తుంది, కింద మూడు మీటలు ఉంటాయి. వస్తాను, చెప్పలేను, రాను. వస్తాను అని నొక్కితే ఆ వేళ మీ డైరీలో పడుతుంది, పిలిచినవారికీ కబురు పోతుంది. మనవాళ్లు చాలామంది చదివి ఊరుకుంటారు. అడిగితే "పోతాను కదా సాబ్, నొక్కేదేముంది" అంటారు. పిలిచినవాడికి మీ మనసులో ఉన్నది ఎట్లా తెలుస్తుంది? పెళ్లిపత్రిక అందుకొని నోరు విప్పనివాణ్ణి లెక్కలో వేసుకోవాలా వద్దా?

ఇంకొకటి, దేశాల గడియారాలు. కొరియా మనకంటే మూడున్నర గంటలు ముందు. దుబాయి మనకు గంటన్నర వెనక, సౌదీ రెండున్నర గంటలు వెనక. దుబాయి మేనేజరు అక్కడి పదిగంటలకు పిలుపు పంపితే, ఇక్కడి మీ ఫోనులో పదకొండున్నర అని కనిపిస్తుంది. అది పొరపాటు కాదు, క్యాలెండరు లెక్క కట్టి చూపిస్తోంది. ఉత్త మెయిలులో "పదింటికి" అని రాస్తే మాత్రం ఏ దేశపు పది అని అడిగి తెలుసుకోవాలి. వారపు సెలవులు కూడా చూసుకోండి. సౌదీలో 2013 నుంచి శుక్ర, శనివారాలు సెలవు. ఎమిరేట్సు సర్కారు 2022 జనవరి నుంచి శుక్రవారం మధ్యాహ్నం మొదలు శని, ఆదివారాలకు మార్చింది.

మన పిల్లలు నన్ను తరచుగా అడిగేది జుమా నమాజు గురించి. శుక్రవారం ఒంటిగంటకు మీటింగు పెట్టేశాక "నాకు కుదరదు" అని చెప్పడానికి కొత్తగా చేరినవాడికి నోరు రాదు. ముందుగానే ఆ వేళను ప్రతి వారమూ వచ్చేటట్లు క్యాలెండరులో నింపి పెట్టండి. ప్రైవేటు అని గుర్తు పెడితే, తోటివాళ్లకు మీకు ఆ వేళలో పని ఉన్నదని కనిపిస్తుందే గాని, ఏం పని అనేది కనిపించదు. ఇది దాచుకోవడానికి కాదు, మీ పైఅధికారికి నోటితో కూడా చెప్పండి. నిండిన గడి కనిపిస్తే పిలిచేవాళ్లు వేరే వేళ చూసుకుంటారు. హిజ్రీ సంవత్సరానికి 354 గాని 355 గాని రోజులు. అందుకని రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. పండుగ ఏ రోజో నెలవంకతో గాని తేలదు. రెండు రోజులూ గుర్తుపెట్టి పైఅధికారికి ముందే తెలియజేయండి, నెలవంక కనిపించాక ఒకటి తీసేయండి. అమ్మను ఆసుపత్రికి తీసుకుపోవలసిన రోజుకూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

ఇప్పుడు చెప్పబోయేది మా ఇంటి సంగతి. మా అక్క కొడుకు బెంగుళూరులో ఒక కంపెనీలో పనిచేసేవాడు. తన జీతంతో కొనుక్కున్న ఫోనులోనే ఆఫీసు మెయిలు పెట్టుకున్నాడు. పెట్టేటప్పుడు తెరమీద ఒక జాబితా వచ్చింది. ఫోను తాళం ఎట్లా ఉండాలో ఆఫీసు చెప్పవచ్చు, ఫోనుకు తాళం వేయవచ్చు, ఫోనులోని సమస్తమూ తుడిచివేయవచ్చు అని. మావాడు చదవలేదు, ఒప్పుకున్నాను అని నొక్కాడు. మనమూ అట్లే నొక్కుతాం. రెండేళ్ల తర్వాత ఇంకొకచోట ఉద్యోగం వచ్చి ఇది మానేశాడు. ఆఖరి రోజు ల్యాప్‌టాపు అప్పజెప్పాడు, గుర్తింపు కార్డు అప్పజెప్పాడు. ఫోనులోని మెయిలు సంగతి అటు వాళ్లూ ఎత్తలేదు, ఇటు వీడూ తలవలేదు. సాయంత్రం బస్సులో ఊరికి వస్తుంటే ఫోను దానంతటదే ఆరిపోయి, మళ్లీ వెలిగి, అంగడినుంచి తెచ్చిన రోజున అడిగినట్లు "ఏ భాష కావాలి?" అని అడిగింది.

మానేసినవాళ్ల ఫోన్లనుంచి మెయిలు తీసేయడానికి ఆఫీసులో ఎవరో మామూలుగా మీట నొక్కినట్లున్నారు. మెయిలుతో పాటు అన్నీ పోయాయి. మా అక్క ఆ ముందు సంవత్సరమే అల్లాకు ప్రియమైంది. చదువు రాని మనిషి, ఉత్తరం రాయలేదు. రోజూ రాత్రి వాట్సాప్‌లో గొంతు పంపేది. తిన్నావా, పండుకున్నావా, ఊర్లో వాన పడింది, మేకకు పిల్ల పుట్టింది, ఇవే మాటలు. వాడు వాటిని అట్లే ఉంచుకున్నాడు, వేరేచోట నకలు పెట్టుకోలేదు. పక్కన కూర్చున్నవాళ్ల ఫోను అడుక్కొని నాకు చేసి, "మామూ, అమ్మ గొంతు పోయింది మామూ" అన్నాడు. ఫోను పోయిందంటే ఇంకొకటి కొందాంలే అని ఉండేవాణ్ణి. దీనికేం చెప్పేది?

ఆ కంపెనీ తన కాగితాలను కాపాడుకోవడం తప్పు కాదు, మేమూ కచేరీలో అంతే చేశాం. తుడిచే అధికారం ఉందని తెరమీద రాసే పెట్టారు. అయినా మానేసే రోజున ఒక్కమాట చెప్పి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ ఒక్కమాట మావాడికి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను మీకు చెబుతున్నాను.

ఆఫీసు మెయిలు పెట్టుకునే ముందు అడగండి: "నేను మానేస్తే ఫోనంతా తుడుస్తారా, మీ మెయిలు మాత్రమేనా?" ఇప్పుడు మంచి పద్ధతులు వచ్చాయి. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5 నుంచి వర్కు ప్రొఫైలు అనే ఏర్పాటు ఉంది. మన ఇంట్లో ఒక గదిని ఆఫీసుకు ఇచ్చినట్లన్నమాట. ఆ గదిలోని యాప్‌లమీద చిన్న చేతిపెట్టె బొమ్మ ఉంటుంది. ఆఫీసువాళ్లు ఆ గదిని ఖాళీ చేయగలరు గాని, మన గదుల్లోని ఫొటోలను చూడలేరు, తుడవలేరు. యాప్‌లోని ఆఫీసు టపాను మాత్రమే తుడిచే ఏర్పాటు ఔట్‌లుక్ వంటివాటిలో కూడా ఉంది. మావాడు చేసినది ఇంటి తాళం గుత్తే ఇవ్వడం. ఫోను కంపెనీదే అయితే అందులో ఇంటి ఫొటోలు పెట్టుకోకండి. ఉద్యోగం మానేటప్పుడు ముందు మీ సొంత వస్తువుల నకలు వేరేచోట భద్రపరచండి, తర్వాత ఆఫీసు ఖాతాను ఫోనునుంచి తీసేసి, ఆఫీసుకు చెప్పి రండి. తల్లిదండ్రుల గొంతులు, ఫొటోలు ఉన్నవాళ్లు ఈ రాత్రే ఇంటికి పోయి నకలు పెట్టుకోండి. ఇది ఉద్యోగం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ చెబుతున్నాను.

దొంగ ఉత్తరాల సంగతీ ఒక ముక్క చెప్పాలి. పెద్ద కంపెనీ పేరు పెట్టి "ఉద్యోగం ఖాయం, డిపాజిట్టు కట్టండి" అని మెయిళ్లు వస్తాయి. కరువు సీమలో ఆ మాట ఎంత తీయగా ఉంటుందో దొంగకు తెలుసు. పైన కనిపించే పేరు కాదు, ఎట్ గుర్తు తర్వాత ఉన్న చిరునామా చూడండి. ఉద్యోగానికి డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు. మోసపోయి డబ్బు కట్టి ఉంటే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి, ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు దొరకదు.

చివరగా, కిటికీ మూసే వేళ. మా కచేరీలో సాయంకాలం బంట్రోతు తలుపులు వేసేస్తే, ఆ రోజుకు ప్రభుత్వం అక్కడే ఆగేది. ఇప్పుడు అన్నం ముందు కూర్చున్న కొడుకు జేబులో ఆఫీసు గుర్రుమంటుంది. తల్లి మాట్లాడుతూ ఉంటుంది, వాడి కన్ను ఫోనుమీద ఉంటుంది. ఔట్‌లుక్‌లో ఏ గంటనుంచి ఏ గంటవరకు మోగకూడదో పెట్టుకోవచ్చు. వర్కు ప్రొఫైలునైతే ఒక్క మీటతో నిద్రపుచ్చవచ్చు. రాత్రి జవాబు రాయక తప్పకపోతే, పొద్దున పోయేటట్లు వేళ పెట్టి పంపే సౌకర్యం జీమెయిల్‌లో 2019 నుంచి ఉంది. మీ కింద పనిచేసేవాడి నిద్రను మీరు చెడగొట్టకుండా ఉండటానికి అది పనికొస్తుంది. ఫ్రాన్సులో 2017 జనవరి నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి పనివేళల తర్వాత ఉద్యోగిని వదిలిపెట్టడం గురించి చట్టాలు అమలులో ఉన్నాయి. మన లోక్‌సభలో సుప్రియా సూలే ఇటువంటి ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు, అది చట్టం కాలేదు. చట్టం వచ్చేదాకా మన ఇంటి గడియ మనమే వేసుకోవాలి. షిఫ్టు పని, అత్యవసర పని చేసేవాళ్లకు ఇది పూర్తిగా కుదరదని నాకు తెలుసు. కుదిరిన రోజైనా వేసుకోండి.

సంఘానికి నా మనవి రెండే. మొదటిది, నెలకు ఒక ఆదివారం రెండు గంటలు ఈ హాలులో పిల్లలను కూర్చోబెట్టి ఈ పని నేర్పించండి. ప్రతి ఒక్కరికీ సొంత చిరునామా, సొంత నంబరు, తనకు మాత్రమే తెలిసిన పాస్‌వర్డు ఉండేటట్లు చూడండి. రెండవది తల్లిదండ్రులకు. ఆడపిల్ల ఉత్తరం ఆడపిల్ల చేతికే రానివ్వండి. అన్న ఫోనుకో, బాబాయి ఫోనుకో వచ్చే పిలుపు అదనుకు అందదు. దరఖాస్తుకు ఫీజు కట్టిన మీరే, జవాబు చూసే దారి లేకుండా చేస్తే ఆ ఫీజు ఏ లెక్కన రాసుకోవాలి?

ఆ తొమ్మిది రోజుల అమ్మాయి ఇక్కడే కూర్చుని ఉంది. ఇప్పుడు ఆమెకు సొంత ఫోను, సొంత చిరునామా ఉన్నాయి. మళ్లీ దరఖాస్తులు పెట్టింది, పిలుపు ఇంకా రాలేదు, రోజూ పొద్దున చూసుకుంటోంది. మొదటి ఆదివారం పాఠం చెప్పడానికి ఆమే ఒప్పుకుంది. నేను కూడా పలకా బలపం పట్టుకొని ముందు వరసలో కూర్చుంటాను.